పసివాడి కంటి ఎత్తు నుంచి ఇల్లు చూడండి

నడక దాటి పరుగు కూడా నేర్చుకున్న పసివాడు ఇంట్లో ఉన్నప్పుడు, ఏ వస్తువు ప్రమాదకరమో మన ఎత్తు నుంచి చూసి తేల్చుకోవడం కష్టం. అందుకే వారానికి ఒకసారి మోకాళ్లపై పాకుతూ, వాడి కంటి ఎత్తులో గదులన్నీ తిరిగి చూడటం నాకు అలవాటైంది. చూసేవారు నవ్వుతారు, ఫరవాలేదు. బల్ల అంచులు, వేలాడే చార్జరు తీగలు, మంచం కిందికి దొర్లిన నాణేలు అప్పుడే కనబడతాయి. ఎత్తైన బీరువాలను గోడకు బిగించడం కూడా అవసరమే, ఎందుకంటే పిల్లలు సొరుగులను మెట్లుగా చేసుకుంటారు.

అన్నిటికంటే నేను ఎక్కువగా భయపడేది రిమోట్లలోను, వెలిగే బొమ్మల్లోను ఉండే గుండ్రని బిళ్ల బ్యాటరీలకు. అలాంటిది గొంతులో ఇరుక్కుంటే, లోపలి తడి వల్ల విద్యుత్తు ప్రవహించి, 2 గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా దెబ్బతీయగలదు. కాబట్టి బ్యాటరీ మూతకు మర బిగించి లేని వస్తువేదీ వాడికి అందకూడదు. మింగాడన్న అనుమానం కలిగినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం మాని, లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇంత జాగ్రత్తపడినా వేడినీళ్లు ఒలికి చర్మం కాలితే, మంచుగడ్డ గాని పళ్లు తోముకునే పేస్టు గాని పెట్టకుండా, కాలిన చోటును 20 నిమిషాలపాటు కుళాయి చన్నీటి ధార కింద ఉంచండి. తలకు దెబ్బ తగిలిన తరువాత పదేపదే వాంతులైనా, లేపినా లేవనంత మగత కమ్మినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.