జింకకూ చిన్న జంతువులకూ ఒకే రైఫిల్: తూటా ఎంపిక

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో అమెరికాలో ఉద్యోగం చేసే బావో, తమ్ముడో ఉండడం సర్వసాధారణం. వారిలో వేట నేర్చుకుంటున్నవారికీ, ఇక్కడి నుంచి వెళ్లబోయేవారికీ ఉద్దేశించినది ఈ వివరణ. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదపు వేటను అనుమతించదు కాబట్టి, బందీపూర్‌కు కెమెరాతోనే వెళ్లాలి. అమెరికాలో సైతం తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని కలిగి ఉండడానికి సమాఖ్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉంది.

ముందుగా చూడవలసినది తూటా పేరు కాదు, దాని కొసన ఉండి, కాల్చినప్పుడు ఎగిరివెళ్లే బుల్లెట్ నిర్మాణం. వైట్‌టెయిల్ జింక విషయంలో బుల్లెట్ చర్మాన్నీ, పక్కటెముకలనూ, ఒక్కోసారి భుజపు ఎముకనూ దాటి ఊపిరితిత్తులను చేరాలి కనుక, అది బరువుగా, మందమైన రాగి తొడుగుతో ఉండాలి. ప్రెయిరీ డాగ్ కుక్క కాదు, బొరియల్లో ఉండే ఉడుత జాతికి చెందిన, సుమారు కిలో బరువుండే జంతువు; దూరం నుంచి కొట్టవలసి ఉంటుంది కనుక, వేగంగా, ఎక్కువగా కిందికి వాలకుండా వెళ్లి, తగలగానే ముక్కలయ్యే పలుచని తొడుగు బుల్లెట్ దానికి తగినది. ఈ రెండో రకాన్ని జింకపై వాడితే అది భుజం మీదే పగిలిపోయి, గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయి యాతన పడవచ్చు. ఇది వేటగాడు చేయకూడని పని.

రెండు అవసరాలనూ ఒకే రైఫిల్‌తో తీర్చుకోవాలంటే, నా దృష్టిలో .243 వించెస్టర్ తూటాను మించినది లేదు. .308 వించెస్టర్ తూటా మెడను సన్నబరిచి, 1955లో దీనిని విడుదల చేశారు. 58 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బుల్లెట్ సెకనుకు సుమారు 1,150 మీటర్ల వేగంతోనూ, 100 గ్రెయిన్లది సుమారు 900 మీటర్ల వేగంతోనూ బయలుదేరుతాయి. కాల్చినప్పుడు భుజానికి తగిలే కుదుపు కూడా కొత్తవారు తట్టుకోగలిగినంతే. అదే ఏడాది రెమింగ్టన్ తెచ్చిన .244 శక్తిలో ఏమాత్రం తీసిపోనిదైనా, దాని బ్యారెల్‌లోని మెలిక (బుల్లెట్‌ను గిర్రున తిప్పే లోపలి గాడుల చుట్టు) 12 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే కావడంతో, జింకకు కావలసిన పొడవైన, బరువైన బుల్లెట్లు నిలకడగా వెళ్తాయన్న నమ్మకం కుదరక, కొనుగోలుదారులు .243 వైపు మొగ్గారు. అందుచేత కొనేముందు బ్యారెల్ మెలికను తప్పక అడగండి; .243కు 10 అంగుళాలకు ఒక చుట్టు ఉంటే 100 గ్రెయిన్ల వరకు ఇబ్బంది ఉండదు.

రోజంతా ప్రెయిరీ డాగ్‌లనే కొట్టేవారికి బ్యారెల్ వేడెక్కి అరిగే సమస్య ఉంటుంది కనుక, చవకైన .223 రెమింగ్టన్ వేరుగా ఉంచుకోవడం మేలు. జింకలే ప్రధానమైతే 6.5 క్రీడ్‌మూర్ లేదా .270 వించెస్టర్ చాలు. అయితే కొలరాడోలో జింకకు కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం), 70 గ్రెయిన్ల బుల్లెట్ తప్పనిసరి, వర్జీనియాలో .23 కంటే చిన్నది పనికిరాదు. కాబట్టి ఈ రెండు చోట్లా .223తో జింకను వేటాడరాదు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం లేని బుల్లెట్లే వాడాలి.

58 గ్రెయిన్లకు సరిచూసిన టెలిస్కోప్‌తోనే 100 గ్రెయిన్లు కాల్చితే దెబ్బ వేరే చోట పడుతుంది. బుల్లెట్ మార్చిన ప్రతిసారీ వేటకు ముందు కాగితపు లక్ష్యంపై కాల్చి, గురిని మళ్లీ సరిచేసుకోవాలి.