పెట్రోలు పికప్‌లో ఆవిరి వ్యవస్థ లోపం: కోడ్ చూసి విడిభాగం కొనకండి

మీ పికప్ డీజిల్ బండి అయితే ఈ వ్యాసంతో మీకు పని లేదు. డీజిల్ అంత సులభంగా ఆవిరి కాదు కనుక ఆ బండ్లలో ఈ వ్యవస్థే ఉండదు. హైదరాబాద్ గల్లీల్లో నీళ్ల క్యాన్లు, కూరగాయలు మోసే చిన్న పెట్రోలు ట్రక్కులు నడిపేవారికి మాత్రం, మే నెల ఎండలో ట్యాంకు దగ్గర గుప్పుమనే వాసనా, డాష్‌బోర్డు మీద ఆరని ఇంజిన్ లైటూ ఏదో ఒక రోజు ఎదురయ్యేవే.

ట్యాంకులో లేచిన పెట్రోలు ఆవిరిని బొగ్గు నింపిన క్యానిస్టర్ అనే డబ్బా పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కిన తరువాత, బండిలోని కంప్యూటర్ ఈ డబ్బాకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే పర్జ్ వాల్వును తెరిస్తే, ఇంజిన్ తన పీల్పుతో ఆ ఆవిరిని లోపలికి లాక్కుని కాల్చేస్తుంది. ఖాళీ అయిన చోటికి వెంట్ గొట్టం గుండా బయటి గాలి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా, ఎక్కడ చిల్లి పడినా లోపమే.

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే లోపాన్ని సూచించే కోడ్ కనిపిస్తుంది. పి-0443 పర్జ్ వాల్వు విద్యుత్ వలయంలో లోపాన్ని, పి-0441 ఆవిరి ప్రవాహంలో తేడాను, పి-0455 పెద్ద లీకును, పి-0442 సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రమంత చిన్న లీకును సూచిస్తాయి. అయితే ట్యాంకును మూసి లీకును తానే పరీక్షించుకునే ఏర్పాటు ప్రధానంగా అమెరికా నిబంధనల కోసం తయారైన బండ్లలో ఉంటుంది. మన బీఎస్-6 కాలుష్య నిబంధనలు యూరప్ పద్ధతిని అనుసరించినవి. అందులో కనీసంగా కోరేది పర్జ్ వాల్వు వలయం తెగిపోలేదని కంప్యూటర్ గమనిస్తూ ఉండటమే. అందువల్ల కోడ్ రాలేదు కాబట్టి లీకు లేదనుకోవడం ఎంత పొరపాటో, కోడ్‌లో పేరు కనిపించింది కదా అని నేరుగా రాణీగంజ్ విడిభాగాల బజారుకు వెళ్లి ఆ భాగాన్ని కొనుక్కురావడమూ అంతే పొరపాటు. తెగిన తీగ వల్ల వచ్చిన కోడ్ కొత్త వాల్వు వేసినంత మాత్రాన పోదు.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనివ్వాలి. తెల్లవారుజామున చూసుకోవడం అన్నిటికన్నా మేలు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలను అంటుకుని పాకుతుంది, వర్క్‌షాపు గుంతలో నిలిచిపోతుంది. దగ్గరలో బీడీ గాని, వెల్డింగు గాని, వైరు బల్బు గాని ఉండకూడదు.

మొదట చూడవలసింది ఖర్చు లేని భాగం, అంటే ట్యాంకు మూత. దాని రబ్బరు రింగు పగిలిందేమో, గట్టిపడిందేమో చూసి, మెడ అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచి, టిక్కుమనే వరకు బిగించాలి. మూత తీసినప్పుడు స్వల్పంగా బుస్సుమనడం సహజమే గాని, గాలి బలంగా లోపలికి పీల్చుకుపోతే వెంట్ దారి మూసుకుపోయిందని అనుమానించాలి. బంకులో ట్యాంకు నిండకుండానే నాజిల్ పదే పదే ఆగిపోతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. వెంట్ గొట్టం చాలా బండ్లలో వెనుక భాగాన, కిందికి ఉంటుంది కనుక దుమ్ము దానిని పూడ్చేస్తుంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు దాటినప్పుడు క్యానిస్టర్‌లోకి నీరు చేరడమూ జరుగుతుంది.

ఇక పర్జ్ వాల్వు. నా అనుభవంలో ఎక్కువసార్లు దోషి ఇదే. పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్ట్ కాక మొరాయించడం, స్టార్ట్ అయినా ఐడిలింగులో వణకడం ఈ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందనడానికి గుర్తులు. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, వాల్వు నుంచి క్యానిస్టర్ వైపు పోయే గొట్టాన్ని విప్పి, వాల్వు మూతి మీద వేలు పెట్టి చూడండి. అప్పటికి కంప్యూటర్ వాల్వును ఇంకా తెరవదు కనుక పీల్పు తగలకూడదు. తగిలితే వాల్వు మూసుకోవడం లేదన్నమాట. ఇంజిన్ ఆపి, వాల్వుకు వైర్లు తగిలించే కప్లర్‌ను విప్పి, మల్టీమీటరుతో వాల్వు కాయిల్ నిరోధాన్ని కొలవాలి. చాలా బండ్లలో అది 20, 30 ఓముల మధ్య ఉంటుంది గాని మీ బండి సర్వీసు మాన్యువల్‌లోని సంఖ్యే ప్రమాణం. వాల్వును బండి నుంచి తీసి, ఆవిరికి దూరంగా 12 వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకోవాలి, తీసేస్తే మూసుకోవాలి. వాల్వు మంచిదే అయితే కప్లర్ పిన్నులకు పట్టిన చిలుమును, ఎలుకలు కొరికిన వైర్లను వెతకాలి.

క్యానిస్టర్ చెడిపోవడానికి చాలావరకు కారణం మనమే. నాజిల్ దానంతట అది ఆగిన తరువాత బంకు కుర్రాడు “అన్నా, రౌండ్ ఫిగర్ చేయనా?” అంటే తలూపుతాం. అలా పైపైన నింపిన పెట్రోలు ద్రవంగానే క్యానిస్టర్‌లోకి దిగి బొగ్గును తడిపేస్తుంది. డబ్బాను ఊపితే ద్రవం కదిలినా, గొట్టాల్లో నల్లటి పొడి రాలినా దానిని మార్చక తప్పదు; ఎండబెట్టి మళ్లీ వాడటం వృథా ప్రయాస.

ఇవన్నీ సరిగ్గా ఉండి వాసన మాత్రం పోకపోతే, గొట్టాలను వంపుల దగ్గరా క్లిప్పుల దగ్గరా నొక్కి చూడాలి. కంటికి కనిపించని చీలికకు, గొట్టాల్లోకి పొగ పంపి అది ఎక్కడ బయటికి వస్తుందో చూసే పొగ పరీక్షే మార్గం. ఆ యంత్రం ఉన్న వర్క్‌షాపుకు వెళ్లి, ఒత్తిడి ఒక పీఎస్‌ఐకి మించకుండా చేయమని ముందే చెప్పండి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను ఈ గొట్టాలకు తగిలిస్తే మంచి భాగాలు కూడా పగిలిపోతాయి.

మరమ్మతు అయిన తరువాత స్కానర్‌తో కోడ్ చెరిపేయవచ్చు. చెరపకపోయినా, లోపం లేకుండా వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) నడిస్తే లైటు ఆరిపోతుంది. బంకు పక్కన ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ఈ విషయంలో ఏమీ చెప్పదు, ఎందుకంటే అక్కడ గొట్టం పెట్టేది సైలెన్సర్‌లో, ఆవిరి పోయేది ట్యాంకు దగ్గర.