పాత డెస్క్‌టాప్‌లో ఏ పార్టు మార్చాలి? కొనేముందు జాగ్రత్తలు

అమలాపురమో భీమవరమో షాపుకి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– ఫోటోలు, పొలం కాగితాల స్కాన్‌లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అది పూర్తయ్యేదాకా ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు.

– టాస్క్ మేనేజర్ (ఏ పార్టు ఎంత పనిలో ఉందో చూపే విండోస్ ప్రోగ్రామ్) తెరవండి. డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) వేయండి. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ) పెంచండి. నా అనుభవంలో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చినంత తేడా ఇంక దేనితోనూ రాదు.

– పవర్ కేబుల్ పీకాకే క్యాబినెట్ డోర్ తీయండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కదా, ర్యామ్ కాంటాక్టుల బంగారు రంగు మీద మసక పొర పడుతుంది. స్టిక్ బయటికి తీసి మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, మళ్లీ స్లాటులో పెట్టి క్లిప్ టక్కుమనేదాకా నొక్కండి. ఒక్కోసారి కొత్త పార్టు అవసరమే ఉండదు.

– ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలుంటాయి. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. పాత స్టిక్‌ని ఫోటో తీసి షాపుకి తీసుకెళ్లండి.

– గ్రాఫిక్స్ కార్డు అయితే ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) వాట్లు దానికి సరిపోతాయో లేదో చూడండి.

– విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (ఒక సెక్యూరిటీ చిప్) కావాలి, ప్రాసెసర్ కూడా దానికి పనికొచ్చేదై ఉండాలి. మీ సిస్టమ్‌కి ఆ అర్హత లేకపోతే ఎస్‌ఎస్‌డీతో ఆగి, మిగతా డబ్బు కొత్త సిస్టమ్‌కి దాచుకోండి.