కరువు జాడ కనిపెట్టడం – 3వ పాఠం: అడుగులు చదివి మోసపోకండి

పోయిన పాఠంలో వర్షపాతం పట్టిక చదివాం. సాధారణం కంటే 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 శాతం దాటి తగ్గితే తీవ్ర లోటు. మీ మండలానికి ఆ లెక్క వేసి ఉంటారనుకుంటాను. వేయకపోతే ముందు అది పూర్తి చేయండి. ఈసారి జలాశయాల దగ్గరికి వెళ్దాం. ఉదాహరణకు కృష్ణా నదిని తీసుకుంటున్నాను.

“శ్రీశైలం నీటిమట్టం 854 అడుగులు, పూర్తి మట్టం 885” అన్న వార్త చూడగానే ఇంకెంత, 31 అడుగులేగా అనిపిస్తుంది. నిల్వ చూడండి. 885 దగ్గర 215.81 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), 854 దగ్గర సుమారు 89. సగం కూడా లేదు! జలాశయం అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. 834 నుంచి 854 వరకు 20 అడుగులు పెరిగితే వచ్చేది సుమారు 35 టీఎంసీలు, అంటే అడుగుకు రెండు కూడా లేవు. అక్కడి నుంచి పైకి అడుగుకు సగటున నాలుగు. అందుకే నోటుబుక్కులో అడుగులు ఒక గడిలో, టీఎంసీలు పక్క గడిలో రాయండి. అంచనా మాత్రం రెండో గడి చూసే వేయండి.

పాత పుస్తకాల్లో శ్రీశైలం సామర్థ్యం 308 టీఎంసీలని ఉంటుంది. మిగతాదాన్ని పూడిక మింగేసింది. ఆ పాత అంకెతో శాతాలు కట్టకండి.

నాగార్జునసాగర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. “సాగర్‌లో 150 టీఎంసీలు ఉన్నాయి” అంటే నారు పోసుకోవచ్చని ధైర్యం వస్తుంది. కానీ 510 అడుగుల కనీస మట్టం దగ్గరే సుమారు 131 ఉంటాయి. వాటిని ఆయకట్టు లెక్కలోంచి తీసేయాలి. ఇక వాడుకోదగ్గవి 19 మాత్రమే. కేంద్ర జలసంఘం గురువారాల్లో ఇచ్చే నివేదికలో ఈ వాడుకోదగ్గ నిల్వనే చూపిస్తారు, అదీ బీసీఎంలలో, అంటే వందల కోట్ల ఘనపు మీటర్లలో. ఒక బీసీఎం 35.3 టీఎంసీలు. పేపర్లో అంకెకూ ఆ అంకెకూ తేడా కనిపిస్తే కంగారు పడకండి.

ఇప్పుడు వరద లెక్క. ఒక్క అంకె కంఠతా పట్టండి: 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో (వచ్చే నీరు) 60,000, ఔట్‌ఫ్లో (వదిలే నీరు) 25,000 అనుకుందాం. మిగిలేది 35,000, అంటే రోజుకు మూడు టీఎంసీలు. 854 నుంచి నిండాలంటే 127 కావాలి. ఇదే వరద ఆగకుండా 42 రోజులు రావాలి. ఆగస్టు మొదట్లో ఈ లెక్క వేస్తే ఒక అర్థం, సెప్టెంబరు చివర వేస్తే పూర్తిగా వేరే అర్థం.

మరి ఆ వరద ఎక్కడి నుంచి వస్తుంది? మన ఊరి వాన నుంచి కాదు. మహాబలేశ్వరం చుట్టుపక్కల పడమటి కనుమల్లో కురిసింది కర్ణాటకలోని ఆలమట్టి జలాశయంలో చేరుతుంది. దాని సామర్థ్యం సుమారు 129 టీఎంసీలు. అది నిండుకు దగ్గరయ్యేదాకా కిందికి పెద్ద వరద రాదు. జూరాల 9.66 టీఎంసీలే, అది నిండిందని సంబరపడనక్కర్లేదు. ఇంకో పక్క నుంచి తుంగభద్ర వచ్చి శ్రీశైలం ఎగువన కలుస్తుంది. కాబట్టి పై నుంచి కిందికే చదవండి: ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, పక్క గడిలో తుంగభద్ర, ఆ తర్వాతే శ్రీశైలం, సాగర్. నల్లగొండలో చుక్క పడకపోయినా సాగర్ నిండవచ్చు. అప్పుడు కాలువ కింది రైతుకు పంట, బోరు కింది రైతుకు కరువు. ఒకే జిల్లాలో ఈ ఇద్దరి గురించీ విడివిడిగా రాయాలి. ఈ పాఠంలో నాకు అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇదే.

రుతుపవనాల అంచనా గురించి వచ్చే పాఠంలో వివరంగా చెబుతాను. అంతదాకా 2023ను గుర్తుంచుకోండి. దేశానికి సాధారణంలో 96 శాతం వాన అన్నారు, 94 కురిసింది. అంచనా తప్పలేదు. కానీ ఎల్‌నినో ఏడాది అది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలు తగ్గే అవకాశం ఉన్న ఏడాది. ఆగస్టు మాత్రం 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా పోయింది.

అభ్యాసం: ఈ రోజు ఆరు జలాశయాల అంకెలూ రాసుకోండి. ఏడు రోజుల తర్వాత మళ్లీ రాసి, ఒక్కోదానిలో ఎన్ని టీఎంసీలు పెరిగాయో కట్టండి. ఆలమట్టి పెరిగి శ్రీశైలం కదలకపోతే, ఎందుకో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.