జేబు టార్చి, 3వ పాఠం: ముందు సెల్, ఆ తరువాతే టార్చి

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. డబ్బా మీద 2,500 క్యాండెలాలు (వెలుగు ఒక దిక్కున ఎంత గట్టిగా పోతుందో చెప్పే కొలత) అని ఉంటే వెలుగు ఎంత దూరం పోతుంది? వర్గమూలం 50, దానికి రెట్టింపు 100 మీటర్లు. ఆ చివర పడే వెలుతురు 0.25 లక్స్, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది గానీ ఏముందో పోల్చుకోవడం కష్టం. అందుకే డబ్బా మీద రాసిన దూరంలో సగమే మనకు పనికొస్తుందని అనుకోండి.

ఇక సెల్, అంటే టార్చిలో వేసే బ్యాటరీ సంగతి. చాలామంది టార్చి నచ్చి కొనేసి, అందులో ఏ సెల్ పడుతుందో తరువాత చూసుకుంటారు. ఇది తలకిందులు పద్ధతి. టార్చి లావు, బరువు, వెలిగే సమయం, దారి మధ్యలో ఆరిపోతే ఏం చేయాలన్నది, అన్నీ సెల్‌ను బట్టే ఉంటాయి.

సైజుల పేర్లు తికమకగా కనిపిస్తాయి గానీ చదవడం తేలికే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. చివరి సున్నా అది గుండ్రటి సెల్ అని చెబుతుంది. 21700, 14500 కూడా ఇలాగే. ఇవన్నీ మామూలుగా చార్జ్ చేసుకునే లిథియం అయాన్ సెల్స్. మనకు బాగా తెలిసిన ఏఏ సెల్ 14.5 మిల్లీమీటర్ల లావు, 50.5 పొడవు. రిమోట్లలో వేసే సన్నది ఏఏఏ.

ఇప్పుడు 14500నీ ఏఏనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దాదాపు ఒకే సైజు, ఒకదాని చోట రెండోది చక్కగా దూరుతుంది. చిక్కంతా అక్కడే. ఏఏ ఇచ్చేది 1.5 వోల్టులు, రీచార్జబుల్ అయితే 1.2. లిథియం అయాన్ 14500 మామూలుగా 3.7, నిండా చార్జ్ చేస్తే 4.2 వోల్టులు. ఏఏ కోసం మాత్రమే చేసిన టార్చిలో దాన్ని వేస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. కొన్ని టార్చిలు రెండింటినీ తీసుకుంటాయి, వాటి కాగితంలో 0.9 నుంచి 4.2 వోల్టుల వరకు అని స్పష్టంగా రాసి ఉంటుంది. అలా రాసి లేకపోతే వేయకండి. దూరింది కదా అని ధైర్యం చేయొద్దు.

ఏఏలో కూడా మూడు రకాలున్నాయి. మామూలు ఆల్కలైన్ ఎక్కడైనా దొరుకుతుంది, కానీ రోజూ జేబులో ఉండే టార్చికి అది నాకు నచ్చని రకం. ఎక్కువ కరెంటు లాగితే దాని వోల్టేజీ తొందరగా దిగిపోతుంది. పైగా వాడకుండా వదిలేస్తే కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, స్ప్రింగునీ కాంటాక్టులనీ తినేస్తుంది. ఒక్కోసారి సెల్ లోపలే బిగుసుకుపోయి బయటికి రాదు.

నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ మీద 1.2 వోల్టులని చూసి తక్కువేమో అనుకుంటారు. నిజానికి టార్చి గట్టిగా వెలిగేటప్పుడు ఆల్కలైన్ త్వరగానే అంతకంటే కిందికి దిగుతుంది, ఇది మాత్రం చాలాసేపు అక్కడే నిలబడుతుంది. కొనేటప్పుడు, చార్జ్ చేసి పక్కన పెట్టినా నెలల తరబడి పెద్దగా తగ్గని రకం అడిగి తీసుకోండి. మూడోది లిథియం ఏఏ, 1.5 వోల్టులది. బరువు 15 గ్రాములే, ఆల్కలైన్‌లా కారే బెడద దాదాపు లేదు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. కాకపోతే ఒకసారి వాడి పారేసేదే, చార్జర్లో పెట్టకూడదు. బ్యాగులో వేసి మరచిపోయే టార్చికి దీన్ని మించింది లేదు.

శక్తిని పోల్చేటప్పుడు ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఒక్కటే చూడకండి, దాన్ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి, వాట్ అవర్లు వస్తాయి. 2,000 ఎంఏహెచ్ రీచార్జబుల్ ఏఏలో ఉన్నది 2.4 వాట్ అవర్లు. 3,500 ఎంఏహెచ్ 18650లో 3.6 వోల్టుల లెక్కన 12.6. అంటే అయిదు రెట్లకు పైనే! మరి అందరూ అదే కొనొచ్చు కదా? సెల్ ఒక్కటే 45 గ్రాములకు పైన ఉంటుంది, దాని చుట్టూ గొట్టం కలిపితే చొక్కా జేబు కిందికి లాగేస్తుంది. బ్యాగుకైతే సరే. ఒంటి మీద ఉండాల్సిన టార్చికి ఒకే ఏఏ పట్టేది చాలని నా అభిప్రాయం. రెండు సెల్స్ పట్టే వాటిలో పాతదీ కొత్తదీ కలిపి వేసే పొరపాటుకు చోటుంది, ఒక్కటే అయితే ఆ బాధే లేదు.

18650 మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చేసి ఉంటే పక్కన పెట్టేయండి. ఆ సైజులో అంత శక్తి పట్టదు. అంకె విషయంలోనే అబద్ధం చెప్పినవాడు లోపలి భద్రత విషయంలో నిజం చెబుతాడా?

లిథియం అయాన్ విడి సెల్‌ను తాళాలు, చిల్లర ఉన్న జేబులో ఎప్పుడూ వేయకండి. షార్ట్ అయితే బాగా వేడెక్కుతుంది, మంట కూడా రావచ్చు. ప్లాస్టిక్ పెట్టె తప్పనిసరి. పైన ఉండే పలచటి తొడుగు చిరిగినా వాడొద్దు. ఎందుకంటే ఆ తొడుగు కింద ఉన్న లోహపు డబ్బా మొత్తం నెగెటివే. పైఅంచు దగ్గర, పాజిటివ్ పక్కనే చిరిగితే రెండూ కలవడానికి వెంట్రుకవాసి చాలు. విమానంలో విడి లిథియం సెల్స్ చేతి సామానులోనే, కొసలు కప్పి తీసుకెళ్లాలి.

సెల్ బయటికి రాని, నేరుగా టైప్-సీ కేబుల్‌తో చార్జ్ అయ్యే చిన్న టార్చిలూ ఉన్నాయి. తాళాల గుత్తికి బాగుంటాయి. సెల్ పోయిందంటే మాత్రం టార్చి పోయినట్టే.

వచ్చే పాఠం స్విచ్‌లూ మోడ్‌ల గురించి. ఈలోగా ఇంట్లో ఉన్న టార్చిలు, రిమోట్లు, గోడ గడియారాలు తెరిచి ఏ సైజు సెల్స్ ఎన్ని ఉన్నాయో రాసుకోండి. మీ టార్చి ఏ సైజుదై ఉండాలో ఆ కాగితమే సగం తేలుస్తుంది. ఎక్కడైనా తెల్లటి పొడి కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టకండి. గ్లౌజులు వేసుకుని సెల్ తీసేసి, దూదిని కాస్త వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ తడిపి తుడవండి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్ వేయండి.