ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: డార్ట్‌మండ్‌లో ఒక శనివారం

పోయిన పాఠంలో ఆఫ్‌సైడ్ గీత ఎక్కడ పడుతుందో చూశాం. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే: బంతి మీంచి చూపు తిప్పడం. టీవీ ముందు కూర్చుంటే ఇది సగం కూడా రాదు. కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి మనకు కొంతమందే కనిపిస్తారు. 105 మీటర్ల మైదానంలో మిగతావాళ్లు ఏం చేస్తున్నారో స్టేడియంలో కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకే ఈసారి పాఠం జర్మనీలోని డార్ట్‌మండ్ ఊళ్లో, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌తో.

జర్మనీ టాప్ లీగ్ అయిన బుండెస్‌లీగాలో శనివారం మ్యాచ్‌లు చాలావరకు మధ్యాహ్నం 3:30కి మొదలవుతాయి. అప్పుడు మనకు ఎండాకాలంలో అయితే రాత్రి 7, చలికాలంలో 8. అంటే ఊరు తిరగడానికి పొద్దుటి పూటంతా చేతిలో ఉన్నట్టే. రైల్వే స్టేషన్ ఎదురుగానే 2015లో తెరిచిన జర్మన్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది. బాగుంటుంది, కానీ టైమ్ తక్కువుంటే దాన్ని మానేసి ఫీనిక్స్ సరస్సుకు వెళ్లమంటాను. ఇప్పుడు పడవలు తిరిగే ఆ నీళ్ల చోట ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ఉండేది. 2001లో ఉత్పత్తి ఆగిపోయాక యంత్రాలన్నీ విప్పి చైనాకు ఓడల్లో పంపేశారు. ఆ గుంతలోకి 2010లో నీళ్లు వదలడం మొదలుపెట్టారు. అక్కణ్నుంచి బోర్సిగ్‌ప్లాట్జ్‌కు వెళ్లండి. చూడ్డానికి రోడ్లన్నీ వచ్చి కలిసే మామూలు రౌండ్ సర్కిలే. అయినా ఈ ఊరి జట్టు, బోరుసియా క్లబ్ పుట్టింది ఆ పేటలోనే. చర్చి యువజన సంఘంలో ఫాదర్‌కు ఫుట్‌బాల్ గిట్టకపోతే, కొందరు కుర్రాళ్లు విడిపోయి 1909 డిసెంబర్‌లో అక్కడి ఒక బార్‌లో క్లబ్ పెట్టుకున్నారు. చుట్టూ ఉక్కు కార్మికుల ఇళ్లు. ఈ రెండు చోట్లూ చూసి స్టేడియంకు వెళ్తే, గ్యాలరీలో గొంతు చించుకుని అరిచేవాళ్లు ఎవరి మనవలో అర్థమవుతుంది.

టికెట్ దొరకడం కష్టం, ముందే ప్రయత్నించాలి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. స్టేడియంలో 81 వేల మందికి పైగా పడతారు. అందులో దాదాపు 25 వేల మంది దక్షిణం వైపు స్టాండ్‌లో నిలబడే చూస్తారు. పసుపు గోడ అని పేరు పడింది దానికే. ఆ హోరు మధ్య ఒక్కసారైనా నిలబడాలి. కానీ పాఠం నేర్చుకోవడానికి అది సరైన చోటు కాదు. గోల్ వెనక నుంచి చూస్తే ఆటగాళ్ల మధ్య అడ్డంగా ఉన్న ఖాళీలు బాగా కనిపిస్తాయి గానీ, డిఫెన్స్ లైన్ ఎంత ముందుకొచ్చిందో ఎంత వెనక్కి పోయిందో అంచనా దొరకదు. మనకు కావలసింది మైదానం పొడవు వెంట ఉండే పక్క స్టాండ్, అందులోనూ పై వరుసలు.

మొదటి అభ్యాసం. ఆట మొదలైన పది నిమిషాలకు, ఆట కాస్త కుదురుకున్నాక, డిఫెన్స్‌లో కుడి చివర ఆడే ఒక్కడిని ఎంచుకుని ఐదు నిమిషాలు వాణ్నే చూడండి. కళ్లు బంతి వైపు లాగుతూనే ఉంటాయి. మావాడు రెండుసార్లు నా భుజం తట్టి, “బంతి వదిలెయ్‌రా, వాడు ఎటు జరుగుతున్నాడో చూడు” అన్నాడు. చూస్తే ఏం కనిపిస్తుందంటే, బంతి ఎడమ గీత దగ్గర ఉన్నప్పుడు డిఫెన్స్ నలుగురూ అటే జరుగుతారు. కుడి చివరవాడు కూడా తన గీత వదిలేసి మైదానం మధ్యకు వచ్చేస్తాడు. దాంతో ఆ పక్కన ఎదుటి జట్టు వింగర్ (గీత వెంట ఆడే ఫార్వర్డ్) ఒంటరిగా, చుట్టూ బోలెడు ఖాళీతో, చెయ్యెత్తి బంతి అడుగుతుంటాడు. ఎవరైనా అడ్డంగా ఒక పొడుగు పాస్ కొట్టారా, మనం చూస్తున్న డిఫెండర్ బంతి గాల్లో ఉన్నంతసేపట్లోనే అంత దూరమూ వెనక్కి పరుగెత్తాలి. గోల్ పడుతుందా లేదా అన్నది ఆ పరుగులోనే తేలిపోతుంది. టీవీలో అయితే బంతి వింగర్ కాలికి చేరాకే మనకు విషయం తెలుస్తుంది.

ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఇది కళ్లకు అలవాటయ్యేదాకా రెండోదానికి వెళ్లకండి.

రెండో అభ్యాసం ఇంతకన్నా సులువు. ఒక జట్టు బంతి పోగొట్టుకోగానే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఆ కాసేపట్లో దగ్గరున్న ముగ్గురు నలుగురు బంతి మీదికి ఉరుకుతున్నారా, లేక తమ గోల్ వైపు పరుగెడుతున్నారా? యుర్గెన్ క్లాప్ కోచ్‌గా ఉన్నప్పుడు డార్ట్‌మండ్ వరసగా 2011, 2012లలో లీగ్ గెలిచింది. పోయిన బంతిని పోయిన చోటే తిరిగి లాక్కోవడం ఆ జట్టుకు పెద్ద బలం. ఉరికితే మంచిది, వెనక్కి వెళ్తే చెడ్డది అని అనుకోవద్దు. సగం మంది ఉరికి, సగం మంది వెనక్కి వెళ్లినప్పుడే జట్టు మధ్యలో పెద్ద ఖాళీ పడి ప్రమాదం వస్తుంది.

జర్మనీ వెళ్లలేనివాళ్లు మీ ఊళ్లో కాలేజీ గ్రౌండ్‌లో జరిగే మ్యాచ్‌నైనా మేడ మీంచో మెట్ల మీంచో చూడండి. కాస్త ఎత్తు ఉంటే చాలు. ఇక టీవీయే గతి అయితే గోల్‌కీపర్ గోల్‌కిక్ కొట్టే ముందు క్షణాలను వదలకండి. అప్పుడు కెమెరా వెనక్కి జరిగి, ఆటగాళ్లు చాలామంది ఒకేసారి కనిపిస్తారు. డిఫెన్స్‌కూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య ఎంత దూరం ఉందో ప్రతిసారీ ఒక కాగితం మీద గుర్తుపెట్టుకోండి. రెండో సగంలో, ఆటగాళ్లు అలసిపోయాక, ఆ దూరం ఎలా మారిందో పోల్చి చూడండి. ఆ కాగితం దాచుకోండి, కార్నర్ కిక్‌ల గురించి చెప్పుకునే ఆరో పాఠంలో దానితో పనుంది.