స్నోమొబైల్ ట్రాక్ డ్రైవర్లు మార్చే ముందు

మంచుపై నడిచే బండి అయిన స్నోమొబైల్ ట్రాక్‌ను (కింద తిరిగే రబ్బరు పట్టీని) తిప్పే పళ్ల చక్రాలైన డ్రైవర్లు అరిగినప్పుడు, కొత్తవి కొనే ముందు ట్రాక్ పిచ్‌ను, అంటే ట్రాక్‌పై ఉబ్బెత్తుగా ఉండే లగ్‌ల ఒక వరుస మధ్య నుంచి పక్క వరుస మధ్య వరకు ఉండే దూరాన్ని, తప్పనిసరిగా కొలవాలి. 2.86, 3 అంగుళాల పిచ్‌ల మధ్య తేడా కంటికి ఆనదు కనుక, 10 పిచ్‌ల దూరాన్ని కలిపి కొలిస్తే 28.6 అంగుళాలో, 30 అంగుళాలో స్పష్టంగా తేలిపోతుంది. పళ్ల సంఖ్య పెంచితే గేరింగ్ (ఇంజన్, ట్రాక్ వేగాల నిష్పత్తి) మారడమే కాక, ట్రాక్ తన పైనున్న టన్నెల్‌కు, అంటే బండి లోహపు కప్పుకు, రాసుకునే ప్రమాదమూ ఉంది.

పాత డ్రైవర్లను ఊడదీయకముందే అవి అమరి ఉన్న షాఫ్ట్ (ఇరుసు) చివరి నుంచి వాటి దూరాన్ని కొలిచి రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది, కొత్తవాటిని ప్రెస్‌తో ఎక్కించేటప్పుడు వాటిపై ఉన్న గుర్తులను ఒకే వరుసలోకి తేవడం. ఆరు పలకల షాఫ్ట్‌పై ఒక్క పలక తప్పినా సాధారణంగా రెండు డ్రైవర్ల పళ్లూ ఒకేసారి ట్రాక్‌ను పట్టవు, దాంతో బండి అదిరి, ట్రాక్ లగ్‌లు త్వరగా దెబ్బతింటాయి.